డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

వ్యాధులకు దేశాల ఎల్లలు తెలియవు. వాటికి మందు కనుగొనడానికి కూడా పలు దేశాల వారు చేయి కలపాలి. ఈ సత్యాన్ని తన జీవితం ద్వారా చాటిన తెలుగు శాస్త్రజ్ఞుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. కుటుంబం పేదది. రెండుసార్లు తప్పి, మూడవసారి మదరాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. తరువాత మదరాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తి పడవలసి వచ్చింది.

ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషిని కృశింపజేసే వ్యాధి అది. ఆనాడు దానికి సరియైన మందు లేదు. ఆ దుఃఖం సుబ్బారావును పరిశోధన వైపు నడిపించింది.

కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ధనసహాయంతో ఆయన అమెరికాలోని బోస్టను నగరం చేరారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధులను గూర్చి చదువుతూ, పొట్టపోసుకోవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేశారు. ఆచార్య సైరస్ ఫిస్కేతో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై వారిరువురూ చేసిన పరిశోధనలు లోకప్రసిద్ధి పొందాయి.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే పరిశోధనశాఖకు అధిపతి అయ్యారు. అంతకు ముందు, 1931లో, ఇంగ్లండు వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలోని గర్భిణీ స్త్రీల రక్తహీనతను ఈస్టులోని ఒక పదార్థం నయం చేస్తుందని తెలిపారు. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వార్తను ప్రకటించిన వ్యాసంలో పదహారుమంది పేర్లున్నాయి. వాటి నడుమ సుబ్బారావు పేరు ఒకటి. డాక్టర్ టామ్ స్పైస్ ఆ మందును క్యూబాలోని స్ప్రూ రోగులకు ఇవ్వగా వారు కోలుకున్నారు. సోదరులను బలిగొన్న వ్యాధికి ఈ విధంగా మందు లభించింది.

బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా ఆయన నాయకత్వంలోనే వెలువడింది. ఫైలేరియా క్రిములు గల ఎలుకలపై ఎన్నో రసాయనాలను పరీక్షించి దీనిని ఎన్నుకున్నారు. 1947లో పోర్టోరికో ద్వీపంలో వైద్యులు రోగులకు ఇచ్చి చూశారు. రక్తంలోని క్రిములు నశిస్తే, దోమ కుట్టినా వ్యాధి మరొకరికి సోకదు. అందుచేతనే 2000వ సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరంభించిన బోదకాలు నిర్మూలన కార్యక్రమంలో ఈ మందుకు చోటు దక్కింది.

సుబ్బారావు 1948 ఆగస్టులో తమ 53వ ఏట కన్నుమూశారు. మాతృదేశాన్ని గాని, భార్య శేషగిరమ్మను గాని మరల చూడలేదు. నోబెల్ బహుమతి రాలేదు. ఆయన దానికై వగచిన వారు కారు. పని ఘనతను తోటివారికి పంచడమే ఆయన స్వభావం.

నేడు ఊత్తంగరై వంటి ఊళ్లలోని ప్రభుత్వ వైద్యశాలలో గర్భిణులకు, బడిలో పిల్లలకు ఇచ్చే ఇనుము మాత్రలలో ఫోలిక్ ఆమ్లం ఉన్నది. బొంబాయి, బోస్టను, క్యూబా నగరాల, ద్వీపాల వారి శ్రమ ఆ చిన్న మాత్రలో ఇమిడి ఉన్నది. పేరు కోరక, పదిమందితో కలిసి, లోకహితానికై పాటుపడడమే సుబ్బారావు జీవితం మనకు నేర్పే పాఠం.