పుస్తకం ఇంటికి చేరాలని శ్రమించిన చవరా ఫాదర్

మన కతోలిక కుటుంబాల్లో రోజూ కొంచెం బైబిలు చదివి ఏడాదిలో పూర్తి చేసేవాళ్లు ఉన్నారు. 73 పుస్తకాలు, 1,300కు పైగా అధ్యాయాలు. రోజుకు నాలుగు చదివితే ఏడాదిలోపే అయిపోతుంది. ఇంజనీరుగా చూస్తే సులువైన లెక్కే. అయితే అది నడవాలంటే ఇంట్లో ఒకరికైనా చదువు రావాలి, చేతిలో పుస్తకం ఉండాలి, చదవడానికి ఒక వేళంటూ ఉండాలి. ఈ మూడింటి కోసమూ జీవితాంతం శ్రమించిన గురువు పునీత కురియాకోస్ ఏలియాస్ చవరా. 1962లో చాందా మిషన్‌తో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బాధ్యత తీసుకున్న సి.ఎం.ఐ. ఫాదర్లకు మూలపురుషుల్లో ఆయన ఒకరు.

చవరా 1805 ఫిబ్రవరి 10న కేరళలోని కైనకరిలో పుట్టారు. ఊళ్లోని ఆశాన్ దగ్గర అక్షరాలు దిద్దారు. 1818లో పళ్లిప్పురం సెమినరీలో చేరారు. అక్కడ చదువుతుండగానే అమ్మానాన్నలు, అన్న చనిపోయారు. ఇంటి భారం మీద పడినా చదువు వదల్లేదు. 1829లో గురువయ్యారు. 1831లో పాలక్కల్ తోమా, పోరూకర తోమా అనే ఇద్దరు పెద్ద గురువులతో కలిసి మాన్నానంలో మఠానికి పునాది వేశారు.

1846లో అక్కడే సంస్కృత పాఠశాల తెరిచారు. పాఠం చెప్పడానికి త్రిశ్శూర్ నుంచి ఒక వారియర్‌ను పిలిపించారు. అంటరానివాళ్లుగా చూడబడిన పిల్లల కోసం ఆర్పూకరలో బడి పెట్టించారు. పేద పిల్లలు ఆకలితో బడి మానకూడదని ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టించే పద్ధతి తెచ్చారు. 1861లో వికార్ జనరల్ అయ్యాక ప్రతి చర్చి దగ్గరా బడి ఉండాలని పట్టుబట్టారు.

చదువు వచ్చినా పుస్తకం లేకపోతే ఏం లాభం? అచ్చుయంత్రం కొనే స్తోమత లేదు. తిరువనంతపురంలోని ప్రభుత్వ ముద్రణాలయం చూసొచ్చి, అరటి బోదెతో నమూనా చేసి, వడ్రంగితో చెక్క యంత్రం కట్టించారు. ఆ మాన్నానం ప్రెస్ 1846లో మొదలైంది. మన వృత్తిలోని వాళ్లం దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఇక వేళ సంగతి. కీర్తనలతో కూడిన అనుదిన ప్రార్థనలు అప్పట్లో సిరియాక్ రాతప్రతుల్లో చెల్లాచెదురుగా ఉండేవి. చవరా వాటిని సేకరించి ఒక క్రమంలో పెట్టారు. మామూలు కుటుంబాల కోసం 1868లో కైనకరి వారికి మలయాళంలో ఒక ఉత్తరం రాశారు. చీకటి పడగానే కుటుంబ ప్రార్థన జరగాలని, ఎవరు వచ్చినా అది ఆగకూడదని, మంచి పుస్తకాలను నిధిలా దాచుకోవాలని, పిల్లలను బడికి పంపడంతో సరిపెట్టక ఏం నేర్చుకున్నారో అడుగుతుండాలని అందులో చెప్పారు.

1866లో ఆడపిల్లల చదువుకు తోడ్పడే కన్యాస్త్రీల మఠం కూనమ్మావులో మొదలైంది. 1871 జనవరి 3న అక్కడే కన్నుమూశారు. 1986లో ధన్యుడిగా, 2014 నవంబరు 23న పునీతుడిగా శ్రీసభ ప్రకటించింది. మన వైపు 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది.

మనలో హిందువులున్నారు, ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. ఎవరి గ్రంథం వారిది. అయినా రోజూ నాలుగు పుటలు చదివే ఓపిక మనకు బడే నేర్పింది. ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోను ఉంది, పుస్తకానికి కొదువ లేదు. కరువైంది వేళ ఒక్కటే. ఈ స్వర్ణోత్సవాన బడికి మనం ఇచ్చే కానుకలు ఎన్ని ఉన్నా, సాయంత్రం మన పిల్లల పక్కన కూర్చుని ఈరోజు ఏం చదివావని అడిగే అలవాటు కూడా వాటిలో ఒకటి కావాలి.