19 సెకన్లు... 42 కిలోమీటర్లు!

100 మీటర్లు 19 సెకన్లలో పరిగెత్తడం మీలో చాలామందికి కష్టమేం కాదు. అదే వేగంతో కానిస్టేబుల్ ఈవెంట్స్‌లోని 1600 మీటర్లు పూర్తిచేయాలంటే? 5 నిమిషాల 4 సెకన్లే! సగంలోనే ఊపిరి అందదు.

ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో సగటున దాదాపు ఇదే వేగంతో 42.195 కిలోమీటర్లు పరిగెత్తాడు. అదీ ఉత్త కాళ్లతో! మీ 1600 మీటర్లు ఆగకుండా 26 సార్లన్నమాట. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. 1964లో అపెండిక్స్ ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే టోక్యోలో ఇంకో 3 నిమిషాలు తగ్గించి మళ్లీ నెగ్గాడు.

1969లో కారు ప్రమాదంతో కాళ్లు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే విలువిద్య పోటీలకు దిగాడు. 1973లో 41 ఏళ్లకే కన్నుమూశాడు.

మీరూ గ్రౌండ్‌లో మొదటి రౌండ్ చూసుకుని మురిసిపోకండి. ఆఖరి రౌండ్ దాకా నిలిచేదే మీ అసలు వేగం.