ఉప్పుతో పసిమెదడుకు రక్ష: డాక్టర్ వులిమిరి రామలింగస్వామి

దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ సరిహద్దు గ్రామాలలో ఉప్పు లేని వంటిల్లు ఉండదు. అంగడిలో దొరికే ఉప్పు పొట్లంపై అయొడిన్ అన్న మాట నేడు అందరికీ పరిచయమే. ఆ మాట వెనుక ఒక తెలుగు వైద్యుని సుదీర్ఘ పరిశ్రమ ఉన్నదన్న సంగతి మాత్రం కొందరికే తెలుసు.

డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తి చేసి, 1951లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. ఆ సంస్థయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందింది. అనంతరం ఆయన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పేథాలజీ ఆచార్యులయ్యారు.

హిమాలయ పాదసీమలలో ఆనాడు ఊరూరా గొంతువాపు కనిపించేది. అంతకన్న దుర్భరమైనది మరొకటి ఉండేది. కొన్ని ఇళ్లలో పిల్లలు చెవిటి మూగలుగా, ఎదుగుదల లేక, బుద్ధిమాంద్యంతో పుట్టేవారు. తల్లిదండ్రులు దానిని పూర్వకర్మ ఫలమని భావించి దుఃఖించేవారు. నిజానికి వర్షాలు, కరిగిన మంచు కొండనేలలోని అయొడిన్‌ను కడిగివేయడమే అందుకు మూలం. అయొడిన్ లేనిదే గొంతులోని థైరాయిడ్ గ్రంథి తన హార్మోనును తయారుచేయలేదు. గర్భిణికి ఆ హార్మోను చాలకపోతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు. పుట్టిన తరువాత ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చడం సాధ్యం కాదు.

1956లో, అంటే హైదరాబాదు రాష్ట్రం విడిపోయి నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో చేరిన ఏడాదే, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో రామలింగస్వామి బృందం ఒక మహాప్రయోగం ఆరంభించింది. సుమారు లక్ష జనాభా గల ప్రాంతాన్ని మూడుగా విభజించారు. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పును, మధ్య భాగానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. 1962 నాటికి అయొడిన్ ఉప్పు తిన్న రెండు భాగాలలో గొంతువాపు దాదాపు సగానికి తగ్గింది. మామూలు ఉప్పు తిన్న భాగంలో ఏ మార్పూ లేదు.

పోలిక లేనిదే రుజువు లేదు. అయితే ఆ రుజువు కోసం ఒక భాగం ప్రజలు అన్ని సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చిందన్నది కాదనలేని సత్యం. ఫలితం తేలిన వెంటనే వారికి కూడా అయొడిన్ ఉప్పు అందించారు. 1962లోనే కేంద్ర ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ లోపం కొండలకే పరిమితం కాదని, మైదాన ప్రాంతాలలోనూ ఉన్నదని తదుపరి పరిశీలనలు తెలిపాయి. అందువలన తినే ఉప్పు అంతటికీ అయొడిన్ కలపాలన్న నిర్ణయం 1980వ దశకంలో జరిగింది. 2000లో సడలిన నిషేధం 2006లో మళ్లీ అమలులోకి వచ్చి, అయొడిన్ లేని ఉప్పును మనుషుల ఆహారానికై నేరుగా అమ్మడం దేశమంతటా నిషిద్ధమైంది.

రామలింగస్వామి 1969 నుండి 1979 వరకు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు, ఆపై 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలికి సారథ్యం వహించారు. 1971లో పద్మవిభూషణ్, 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించాయి. దక్షిణాసియా పసివారి పోషణలోపానికి, స్త్రీల దుస్థితికి గల సంబంధాన్ని 1996లో సహరచయితలతో కలిసి యునిసెఫ్ నివేదికలో ఎత్తిచూపారు. 2001 మే 28న ఢిల్లీలో కన్నుమూశారు.

పిల్లల మాట ఆలస్యమైనా, ఎదుగుదల మందగించినా కారణం ఒక్కటే కాదు. ఆటిజం వంటివి వేరు, వాటిని ఉప్పు నయం చేయదు. అటువంటి బిడ్డను ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి. అయొడిన్ లోపం వల్ల కలిగే మాంద్యాన్ని మాత్రం ముందే నివారించవచ్చు. పశువులకు వాడే దొడ్డుప్పును కూరలో వేయక, అయొడిన్ ఉప్పును తడి, ఎండ తగలకుండా మూత బిగించిన డబ్బాలో ఉంచడం ప్రతి ఇల్లాలికీ సాధ్యమైన పనే. గర్భిణి ఉన్న ఇంట ఈ జాగ్రత్త మరింత అవసరం.