ఎక్స్ కిరణాలు చదివిన సన్యాసి – స్వామి జ్ఞానానంద

 సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఈ ప్రత్యేక సంచికకు స్వామి జ్ఞానానంద గారి జీవితాన్ని ఎంచుకున్నాను. చదువుకు వయసు అడ్డు కాదని మనం పిల్లలకు చెబుతుంటాం. ఆయన చేసి చూపించారు.

స్వామివారి అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం ప్రాంతంలోని గొరగనమూడిలో జన్మించారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్లి యోగంపై ఉపన్యాసాలిచ్చారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఆయనను ఆకర్షించింది. ముప్పై దాటాక గణితం, భౌతికశాస్త్రం చదవడం మొదలుపెట్టారు. ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పరిశోధించి, 1936లో, నలభైవ ఏట, డి.ఎస్సీ. పట్టా పొందారు. తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసి 1947లో స్వదేశం చేరారు.

ఆ వర్ణపటాల వల్ల మనకేమి లాభమని అడగవచ్చు. తరగతిలో చెప్పినట్టే చెబుతాను. ఎక్స్ కిరణం తగిలితే పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. పై కక్ష్యలోనిది ఆ ఖాళీలోకి దిగుతూ మరో ఎక్స్ కిరణాన్ని వెలువరిస్తుంది. దాని శక్తి ఒక్కో మూలకానికి ఒక్కో విధం. ఇనుముకు 6.4, రాగికి 8.0, జింకుకు 8.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. శక్తిని బట్టి ఏ లోహమో, కిరణాల సంఖ్యను బట్టి అది ఎంత ఉన్నదో తెలుస్తుంది. చర్మం పైపొరలో జింకు ఎంత, ఆర్సెనిక్ విషం పేరుకున్నదా అన్నవి చిన్న ముక్కతోనే చూడవచ్చు. మన ప్రాంతాన్ని పీడించిన ఫ్లోరైడును మాత్రం ఇలా పట్టడం కష్టం. ఫ్లోరిన్ తేలిక మూలకం, దాని కిరణాలు గాలిలోనే ఇంకిపోతాయి. అందుకే దానికి నీటి పరీక్ష, మూత్ర పరీక్ష చేస్తారు.

1954లో స్వామివారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి కేంద్రక భౌతికశాస్త్ర ప్రయోగశాలను నిర్మించారు. అప్పటికాయన వయసు 57. మనలో చాలామంది 58కే విరమించాం! 1965 వరకు అక్కడే పనిచేసి, 1969లో పరమపదించారు. ఆ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు. అక్కడి పరిశోధకులు తరువాతి కాలంలో భువనేశ్వర్‌లోని యంత్రం సాయంతో, ఎక్స్ కిరణాలకు బదులు ప్రోటాన్లను తాకించి, క్యాన్సర్ కణజాలాల్లోని లోహాలను కొలిచారు. వెలువడే కిరణాలను చదివే సూత్రం మాత్రం అదే.

ఆయన ఆస్తి కూడబెట్టలేదు. ఒక ప్రయోగశాలను, పని నేర్చిన శిష్యులను మిగిల్చారు. ఇంటివద్ద తీరిక ఉన్న మన సభ్యులు వారానికి ఒక గంటైనా దగ్గరి బడికి వెళ్లి పాఠం చెబితే అది ఆయనకు తగిన నివాళి అని నా మనవి.