మెట్ట రైతుకు నిధుల అండ కోరిన నేత డాక్టర్ మర్రి చెన్నారెడ్డి
(జనవరి 13 జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా రెండు పర్యాయాలు బాధ్యతలు నిర్వహించిన డాక్టర్ మర్రి చెన్నారెడ్డి 1919 జనవరి 13న ప్రస్తుత వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలోని సిరిపురం గ్రామంలో జన్మించారు. 1941లో వైద్య పట్టా పొందినప్పటికీ, విద్యార్థి దశలోనే అలవడిన ప్రజాజీవితం ఆయనను రాజకీయాల వైపు నడిపించింది.

1952 ఎన్నికలలో వికారాబాద్ నుండి శాసనసభకు ఎన్నికై, 33 ఏళ్ల వయసులో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో వ్యవసాయ శాఖ బాధ్యతలు చేపట్టారు. వికారాబాద్ ఎర్ర నేలలు, తాండూరు నల్లరేగళ్లు వానపై ఆధారపడిన మెట్ట భూములు. జొన్న, కంది పండించే రైతుకు విత్తనం మొదలు ఎద్దుల కొనుగోలు వరకు వడ్డీ వ్యాపారే దిక్కు. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతుల అప్పులో ప్రభుత్వ తకావీ రుణాల వాటా సుమారు 3 శాతం, సహకార సంఘాల వాటా మరో 3 శాతం మాత్రమే. వ్యవసాయ మంత్రిగా ఆయన ఎదుట నిలిచిన అసలు సమస్య ఇదే.

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసిన వారిలో చెన్నారెడ్డి ఒకరు. తెలంగాణ మిగులు ఆదాయాన్ని ఈ ప్రాంత అభివృద్ధికే వినియోగించాలన్నది అందులోని ముఖ్యాంశం. మెట్ట ప్రాంత రైతు దృష్టిలో ఆ మిగులు అంటే చెరువు మరమ్మతు, బావి తవ్వకం, పంట రుణం.

1962, 1967 సంవత్సరాలలో తాండూరు ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు. ఆ కాలంలో ఆయన పంచాయతీరాజ్, ఆర్థిక శాఖలను నిర్వహించారు. ధారూర్ మండలంలోని కోట్‌పల్లి ప్రాజెక్టు 1967లో నిర్మితమై, 9 వేల ఎకరాలకు పైగా సాగునీటికి ఆధారమైంది. అదే ఏడాది ఆయన కేంద్రంలో ఉక్కు, గనుల శాఖ మంత్రి అయ్యారు. అయితే 1968లో హైకోర్టు తాండూరు ఎన్నికను రద్దు చేయడంతో ఆ పదవిని వదులుకోవలసి వచ్చింది.

1969లో మిగులు నిధుల వివాదం ఉద్యమ రూపం దాల్చింది. ఆ నిధుల లెక్క తేల్చేందుకు కుమార్ లలిత్, జస్టిస్ భార్గవ కమిటీలు ఏర్పాటయ్యాయి. ఒకప్పుడు ఆర్థిక మంత్రిగా ఖజానా చూసిన నేతే ఇప్పుడు తెలంగాణ ప్రజా సమితికి నాయకత్వం వహించారు. 1971 లోక్‌సభ ఎన్నికలలో సమితి 10 స్థానాలు గెలిచింది. అదే ఏడాది సమితిని కాంగ్రెస్‌లో విలీనం చేసిన నిర్ణయం తీవ్ర విమర్శలకు గురైంది.

ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసిన అనంతరం 1978 మార్చిలో ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. ఆ ఏడాది ఆగస్టు 15న వికారాబాద్, తాండూరులతో కూడిన రంగారెడ్డి జిల్లా ఆవిర్భవించింది. 1978-79లో కేంద్రం ప్రారంభించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి కార్యక్రమం కింద చిన్న రైతుకు 25 శాతం, సన్నకారు రైతుకు మూడో వంతు సబ్సిడీ, మిగతా సొమ్ము బ్యాంకు రుణంగా సమకూరే ఏర్పాటు జరిగింది. 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది.

ఆయన హయాంలోనే 1979 మేలోను, తిరిగి రెండవ పర్యాయం ముఖ్యమంత్రిగా ఉన్న 1990 మేలోను కోస్తాను తీవ్ర తుఫానులు ముంచెత్తాయి. పంట కోల్పోయిన రైతుతో పాటు పడవ, వల కోల్పోయిన మత్స్యకారునికీ ప్రభుత్వమే దిక్కయింది. 1990లో లక్షలాది మందిని ముందుగా సురక్షిత ప్రాంతాలకు తరలించారు. పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు రుణం లభించింది. అదే సంవత్సరం కేంద్ర పథకం కింద రైతులకు 10 వేల రూపాయల వరకు రుణ ఉపశమనం వర్తించింది.

తమిళనాడు గవర్నర్‌గా ఉండగా 1996 డిసెంబర్ 2న ఆయన కన్నుమూశారు. హైదరాబాద్‌లోని మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఆయన పేరును ధరించింది. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ ప్రత్యేక జిల్లా అయింది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించింది. సొంత గడ్డ మెట్ట పంటకు దక్కిన ఈ గౌరవం వెనుక, సకాలంలో పెట్టుబడి అందాలని తరతరాలుగా ఎదురుచూసిన రైతుల శ్రమ ఉంది. ఆ నిరీక్షణను పాలనాంశంగా మలచిన తొలితరం నేతలలో చెన్నారెడ్డి ఒకరు.