ఇవాన్ పావ్‌లోవ్

ఇవాన్ పెత్రోవిచ్ పావ్‌లోవ్ (1849 సెప్టెంబరు 26 - 1936 ఫిబ్రవరి 27) సుప్రసిద్ధ రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త. జీర్ణక్రియపై జరిపిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈ బహుమతి పొందిన మొదటి రష్యన్ ఇతడే. ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందరికీ నిబంధన సిద్ధాంతం ద్వారా ఇతని పేరు సుపరిచితమే. అయితే పెంపుడు జంతువుల భయాలకు, ప్రవర్తనా లోపాలకు పశువైద్యులు చేసే చికిత్సకు కూడా ఇతని ప్రయోగశాలలో పునాదులు పడ్డాయన్న విషయం అంతగా ప్రచారంలో లేదు.

బాల్యం, విద్యాభ్యాసం

పావ్‌లోవ్ రష్యాలోని ర్యజాన్ పట్టణంలో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించాడు. చిన్నతనంలో ఎత్తు నుండి పడి తీవ్రంగా గాయపడటం వలన పదకొండవ ఏట గాని బడిలో చేరలేకపోయాడు. తండ్రి మార్గాన నడువవలసినవాడు మతవిద్యను విడిచి, 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రకృతిశాస్త్రాల అధ్యయనానికి చేరాడు. తరువాత వైద్యవిద్య అభ్యసించాడు. ఆ రోజులలోనే పశువైద్య సంస్థలోని శరీరధర్మ శాస్త్ర విభాగంలో సహాయకుడిగా పనిచేశాడు. 1881లో సెరఫీమాను వివాహమాడాడు. 1890లో సైనిక వైద్య అకాడమీలో ఆచార్యుడయ్యాడు.

నిబంధన ప్రయోగాలు

లాలాజల గ్రంథి నాళాన్ని శస్త్రచికిత్స ద్వారా చెంప వెలుపలికి తెచ్చి, కుక్క కోలుకున్న పిమ్మట ఊరే లాలాజలాన్ని చుక్కలలో లెక్కించేవారు. ఆహారం నోటికి అందకముందే, తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే లాలాజలం ఊరడం పావ్‌లోవ్ దృష్టిని ఆకర్షించింది. పాఠ్యపుస్తకాలన్నీ గంటనే చెబుతాయి గాని, మెట్రోనోము, బజరు, దీపకాంతి, చర్మస్పర్శ వంటివి కూడా ఇతడు విరివిగా ఉపయోగించాడు.

కుక్కలలో మానసిక వికలత

ఇతని శిష్యురాలు ఒకరు ఒక కుక్కకు వృత్తం కనబడితే ఆహారం, దీర్ఘవృత్తం కనబడితే ఏమీ లేదు అని నేర్పింది. క్రమంగా దీర్ఘవృత్తాన్ని వృత్తానికి దగ్గరగా తెచ్చారు. అక్షాల నిష్పత్తి 9:8కి చేరాక కుక్క తేడా పోల్చుకోలేకపోయింది. అంతవరకు నెమ్మదిగా ఉన్న జంతువు మూలుగుతూ, గింజుకుంటూ పరికరాలను కొరికివేసింది. సులభమైన తేడాలను సైతం మరచిపోయింది. కుక్క మొండిది కాదు, దాని నాడీమండలం మోయలేని భారాన్ని ఎత్తుకున్నదని పావ్‌లోవ్ గ్రహించాడు. ఈ జ్ఞానానికి మూల్యం చెల్లించినవి మాత్రం ఆ మూగజీవాలే.

1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తింది. కుక్కలను నీటిలో ఈదించి ప్రయోగశాల భవనానికి చేర్చారు. వరద తగ్గిన తరువాత ఒక కుక్క నేర్చినదంతా కోల్పోయింది. పరిచితుడైన పరిశోధకుడు గదిలో తోడుగా కూర్చుంటే మాత్రం ప్రతిచర్యలు తిరిగి వచ్చేవి, అతడు వెళ్లిపోతే పోయేవి. కోలుకున్నాక కూడా తలుపు క్రింద నుండి కొద్దిగా నీరు పారించగానే వెనుకటి కలత తిరగబెట్టింది. ఒకే విపత్తు అన్ని కుక్కలనూ ఒకే విధంగా బాధించలేదని గమనించి, స్వభావ భేదాలను కూడా ఇతడు అధ్యయనం చేశాడు. చికిత్సగా విశ్రాంతిని, బ్రోమైడు మందులను వాడాడు.

చివరి రోజులు, ప్రభావం

1935లో లెనిన్‌గ్రాడ్‌లోని ప్రయోగాత్మక వైద్య సంస్థ ఆవరణలో కుక్కకు స్మారక చిహ్నం నెలకొల్పారు. మరుసటి ఏడాది న్యుమోనియాతో పావ్‌లోవ్ మరణించాడు.

తరువాతి కాలంలో దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పి పిల్లులపై ఇటువంటి ప్రయోగాలే చేశాడు. భయం కలిగిన గదికి కొంత పోలిక గల చోట ఆహారం పెట్టి, క్రమంగా అసలు గదికి చేరువ చేస్తూ వాటి భయాన్ని పోగొట్టాడు. టపాకాయల మోతకు వణికే కుక్కకు మొదట అతి తక్కువ ధ్వనిని, దానితోపాటు ఇష్టమైన తినుబండారాన్ని ఇచ్చి, ధ్వనిని కొద్దికొద్దిగా పెంచే పద్ధతి ఈ కోవకు చెందినదే. ఆస్పత్రికి తీసుకువెళ్లే బుట్టను చూసి దాక్కునే పిల్లికి ఆ బుట్టలోనే రోజూ ఆహారం పెట్టడం కూడా ఇటువంటిదే. 1993లో అమెరికాలో జంతు ప్రవర్తనా చికిత్స పశువైద్యంలో ప్రత్యేక విభాగంగా గుర్తింపు పొందింది.