ఘర్షణకు లెక్క కట్టిన గియోమ్ అమోంతోన్

బరువైన చెక్కపెట్టెను గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు ఈడ్చాలి. నిలబెట్టి ఈడిస్తే సులువా, పడుకోబెట్టి ఈడిస్తే సులువా? నేలకు ఆనే భాగం తగ్గితే రాపిడీ తగ్గుతుందనే చాలామంది అనుకుంటారు. 1699లో పారిస్ సైన్స్ అకాడమీ పెద్దలకూ అదే నమ్మకం. ఆనే వైశాల్యంతో నిమిత్తం లేదని, లెక్కలోకి వచ్చేది బరువేనని వాళ్ల ముందు చెప్పింది గియోమ్ అమోంతోన్. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లు. చెవులు దాదాపు వినిపించవు.

అమోంతోన్ 1663లో పారిస్‌లో పుట్టారు. తండ్రి న్యాయవాది. పదిహేనేళ్లు అటూ ఇటూగా ఉండగానే వినికిడి పోయింది. విశ్వవిద్యాలయం మెట్లెక్కకుండానే గణితం, డ్రాయింగ్, సర్వే పని నేర్చుకున్నారు. చెవులకు వైద్యం వద్దన్నారని, ఆ నిశ్శబ్దమే తన పనికి మేలని భావించారని చెబుతారు. చనిపోయినవారి గురించి రాసే ప్రశంసల్లో ఇలాంటివి కాస్త పెరుగుతాయనుకోండి. మొదట్లో ఆయనను పట్టుకున్న పిచ్చి, ఆగకుండా తిరిగే యంత్రం. అలాంటి యంత్రాన్ని సాధ్యం కానివ్వని వాటిలో ఘర్షణ ఒకటి. చివరికి పేరు తెచ్చిందీ అదే.

మధ్యలో చాలా చేశారు. గాలిలో తేమను కొలిచే పరికరం, ఓడల్లో వాడేందుకు నీటి గడియారం, కొత్త రకం థర్మామీటర్లు. టెలిస్కోప్‌తో దూరంనుంచి సంకేతాలు చదివే పద్ధతిని రాజకుటుంబానికి చూపించారు, చూసి ఊరుకున్నారు. దాదాపు వందేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో షాప్ అలాంటి టెలిగ్రాఫ్‌నే నిలబెట్టారు.

ఘర్షణ ప్రయోగం మాత్రం చాలా మామూలుది. రాగి, ఇనుము, సీసం, చెక్క పలకలకు పంది కొవ్వు పూసి, స్ప్రింగుతో అదిమి, కదిలించడానికి ఎంత బలం కావాలో చూశారు. నొక్కే బరువులో సుమారు మూడో వంతు అని తేలింది. ఏ పదార్థానికైనా అంతేననడం పొరపాటు. అన్నిటికీ ఒకే కొవ్వు పూయడం వల్లే అలా వచ్చి ఉండవచ్చు. వైశాల్యం మాటను అకాడమీ తేలిగ్గా నమ్మలేదు. ద లా హీర్ మళ్లీ ప్రయోగం చేసి సరేనన్నారు. నిజానికి లియొనార్డో డావిన్సీ రెండు వందల ఏళ్ల ముందే ఈ సంగతి గమనించారు గానీ, అది ఆయన నోటు పుస్తకాల్లోనే ఉండిపోయింది.

ఈ నియమం పనిచేయడం చూడాలంటే బెల్తరా ఉన్న బిలాస్‌పూర్ జిల్లా పట్టాలే చాలు. ఎన్నో తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడిన ఊరు బిలాస్‌పూర్. అటుగా బొగ్గు గూడ్సులు లాగే డబ్ల్యూఏజీ-9 ఇంజన్ బరువు 123 టన్నులు. దాన్నే 132 టన్నులకు పెంచి 9హెచ్ చేశారు. బరువు పెరిగితే చక్రానికి పట్టాపై పట్టు పెరుగుతుంది. వానకు పట్టా జారితే ఇసుక వదలాల్సిందే.

వైశాల్యం ఎందుకు లెక్కలోకి రాదో అమోంతోన్ చెప్పలేకపోయారు. గరుకు మిట్టలు ఒకదానిపై ఒకటి ఎక్కి దిగుతాయని ఊహించారు. 1705లో, 42 ఏళ్లకే గాంగ్రీన్‌తో కన్నుమూశారు. నున్నగా కనిపించే రెండు తలాలు నిజంగా తాకేది కొన్ని సూక్ష్మమైన మిట్టల దగ్గరేనని, బరువు పెరిగితే ఆ తాకే చోటు పెరుగుతుందని 20వ శతాబ్దం మధ్యలో కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ చూపించారు.

ఆ ఒక్క మిట్టనే విడిగా పట్టుకోవడం 1987లో సాధ్యమైంది. కాలిఫోర్నియాలోని ఐబీఎం ఆల్మడెన్ ప్రయోగశాలలో మేట్, మెక్‌క్లెలండ్ బృందం టంగ్‌స్టన్ తీగ మొనను గ్రాఫైట్‌పై జరిపి, తీగ ఎంత వంగుతోందో కాంతితో కొలిచింది. పరమాణువుల వరుసలకు తగ్గట్టు ఘర్షణ పెరుగుతూ తగ్గుతూ కనిపించింది. ఈ స్థాయిలో అమోంతోన్ నియమం తరచూ తప్పుతుంది. తలాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి పైన బరువు పెట్టకపోయినా ఘర్షణ ఉంటుంది. తాకే వైశాల్యమూ లెక్కలోకి వస్తుంది.

అరుగుదలను కొలవడం ఇంకా కష్టం. కొలిచే మొనే అరిగిపోతుంది. అందుకే పరిశోధకులు ప్రయోగానికి ముందొకసారి, తర్వాతొకసారి దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి ఎంత మొద్దుబారిందో చూసుకుంటారు.